మఫ్టీ కారు గుర్తులు

అద్దాల మేస్త్రీకి పోలీసులంటే భయం లేదు. పోలీసు పోలీసులా కనిపిస్తే చాలు, ఆయన నిబ్బరంగానే ఉండేవాడు. నెత్తిమీద దీపం, ఒంటినిండా గీతలు, పక్కన బారెడు అక్షరాలు ఉన్న కారు ఎదురైతే బుద్ధిగా వేగం తగ్గించి, అది కనుమరుగయ్యాక మళ్ళీ తొక్కేవాడు. అది న్యాయమైన ఆట అని ఆయన నమ్మకం. ఆయన ప్రాణం తోడేసినవి మఫ్టీ కార్లు. మామూలు సంసారి కారులా ముస్తాబై, పిల్లిలా వెనకే వచ్చి, ఉన్నట్టుండి లోపల ఎర్రదీపం వెలిగించే కార్లు.

ఏడాది తిరక్కుండా రెండుసార్లు దొరికిపోయాడు. మొదటిసారి కూనిరాగం తీస్తూ పోతుంటే పట్టుకున్నారు. రెండోసారి మరీ అన్యాయం. ముందు నింపాదిగా పోతున్న కారుని చూసి, "నిద్రపోతున్నావా నాయనా?" అని హారను మోగించి, పక్కనుంచి దూసుకుపోతూ చెయ్యి కూడా ఊపాడు. ఆ కారే మఫ్టీ కారు. లోపలున్నాయన జరిమానా చీటీ ఇస్తూ, "నిద్ర లేచాను నాయనా" అన్నాడు.

మూడోసారి దొరికితే మూణ్నెల్లు లైసెన్సు ఉండదని కూడా చెప్పి పంపాడు. అద్దాల కొట్టుకి వ్యానే కాళ్ళూ చేతులూ. అద్దం పలకని భుజాన వేసుకుని బస్సెక్కలేం కదా.

ఆ రోజునుంచీ ఆయనకి అదే లోకమైంది. కొట్టు గుమ్మంలో బల్ల వేసుకుని, అద్దాల అంచులు నూరుతూ, కళ్ళు మాత్రం రోడ్డుమీద పెట్టేవాడు. వీధి చివర పోలీస్ స్టేషను వెనక గేటు ఉండటం ఆయన అదృష్టం. లోపలికి ఏ కారు వెళ్తోంది, ఏది బయటికొస్తోంది అని చూసి చూసి, చివరికి గుర్తులు పట్టేశాడు. కారుమీద ఒక్క స్టిక్కరు గానీ బొమ్మ గానీ ఉండదు. ముందు సీట్లలో ఇద్దరుంటారు, వెనక ఖాళీ. ఆ ఇద్దరూ కబుర్లాడుకోరు, కర్ర మింగినట్టు నిటారుగా కూచుని ముందుకే చూస్తారు. లోపల రెండు అద్దాలుంటాయి, ఒకటి నడిపేవాడికి, ఒకటి పక్కవాడికి. పైన అదనంగా ఒక రేడియో తీగ. వెనకద్దం దగ్గర నల్లగా గుండ్రంగా దీపాల్లాంటివేవో. ఇక నడక చూస్తే, దాటిపోమన్నా దాటదు, వెనకపడినట్టే పడి మళ్ళీ వచ్చి అంటుకుంటుంది.

ఈ విద్య బజారులో గుప్పుమంది. టైర్ల కొట్టాయన పొద్దున్నే వచ్చి, "అన్నా, ఆ తెల్ల కారు సంగతేంటి?" అని అడిగేవాడు. మేస్త్రీ కళ్ళు చికిలించి, "అది కాదులే. అద్దానికి కోతిబొమ్మ వేలాడుతోంది. పోలీసు కోతిని పెట్టుకోడు" అని తీర్పు చెప్పేవాడు. బజారంతా ఆయన్ని డేగ అని పిలవటం మొదలుపెట్టింది. ఆ పేరు వినబడ్డప్పుడల్లా ఆయన ఛాతీ ఒక అంగుళం పెరిగేది.

"డేగట డేగ!" అనేది భార్య. ఆవిడ కొట్లోనే కొలతలూ కోతలూ చూసుకునేది. "ఇంట్లో చెప్పులెక్కడ విడిచారో కనబడవు గానీ, మైలు దూరంలో పోలీసు కనబడతాడు."

మేస్త్రీ అక్కడితో ఆగలేదు. పోలీసులకి వ్యాను గుర్తుండకూడదని, దానిమీదున్న కొట్టు పేరునీ ఫోను నంబరునీ గోకించి పారేశాడు. వెనక ఎవరొస్తున్నారో బాగా కనిపించాలని లోపల ఇంకో అద్దం బిగించాడు. అద్దాలాయనకి అద్దానికి కరువా? రోడ్డు వార్తలు వినటానికి రేడియో పెట్టించి, పైన ఒక తీగ నిలబెట్టాడు.

ఇలా ఉండగా పక్క ఊళ్ళో ఒక నాట్యం బడివాళ్ళు గోడ నిండా అద్దాలు కావాలన్నారు. అదే రోజు సాయంత్రం బడి ప్రారంభం. మధ్యాహ్నం లోపల బిగించేయాలి. పలకలన్నీ దుప్పట్లు చుట్టి, వ్యాను వెనక ఒక పక్కగా నిలబెట్టి కట్టారు. అద్దాలు ఎత్తే నల్ల రబ్బరు కప్పుల్ని వెనకద్దం దగ్గర గట్టుమీద పెట్టారు. చెల్లెలి ఇల్లు ఆ ఊళ్ళోనే అని అత్తగారు కూడా బయల్దేరి, మధ్య సీట్లో దుప్పటికి ఆనుకుని కూచుంది. మనిషి పొట్టి. సీట్లో కూచుంటే బయటివాళ్ళకి కొప్పు కూడా కనబడదు. ముందు సీట్లో మేస్త్రీ, ఆయన పక్కన భార్య. ఆవిడకి ముందురోజు పలకలెత్తి నడుం పట్టేసింది. అందుకని ఇటూ అటూ తిరక్కుండా నిటారుగా కూచుంది.

ఊరు దాటి పెద్దరోడ్డెక్కి కాసేపైందో లేదో, మేస్త్రీ అద్దంలోకి చూసి గతుక్కుమన్నాడు.

"వచ్చేశాడు" అన్నాడు గొంతు తగ్గించి.

"ఎవరు?" అంది భార్య, మెడ తిప్పలేక.

"వెనక బూడిదరంగు కారు. స్టిక్కరు లేదు, బొమ్మ లేదు. ముందు ఇద్దరు. నల్ల కోట్లు. ఒకడి మొహం ఒకడు చూసుకోవటంలేదు. అచ్చంగా వాళ్ళే."

మేస్త్రీ వేగం తగ్గించాడు. దాటిపోతుందేమో అనుకున్నాడు. బూడిదరంగు కారూ తగ్గించింది. ఇంకాస్త తగ్గించాడు. అదీ తగ్గించింది.

"చూశావా? దాటమన్నా దాటడు! అదే గుర్తు!"

"మీరు మరీ నత్తలా పోతే దాటాలో వద్దో వాడికి మాత్రం ఎలా తెలుస్తుందండీ? కాస్త మామూలుగా పోనివ్వండి."

"మామూలుగా పోతే దొరికిపోతాం."

"మామూలుగా పోయేవాళ్ళని ఎందుకు పట్టుకుంటారు?"

మేస్త్రీ మళ్ళీ అద్దంలోకి చూశాడు. మరికాస్త తగ్గించాడు. ఆ వేగంలో రోడ్డు పక్కన పరుగు పందేనికి సాధన చేస్తున్న పిల్ల ఒకతె వ్యానుని దాటేసి, వెనక్కి తిరిగి జాలిగా చూసింది.

అత్తగారు మెడ నిక్కించి కిటికీలోంచి ఆ పిల్లని చూసి, "అల్లుడుగారూ, నేను దిగి నడిచొస్తాను. మా చెల్లెలు ఎదురుచూస్తుంటుంది" అంది.

"కాస్త ఓపిక పట్టండి అత్తయ్యగారూ. వెనక పోలీసులున్నారు."

అత్తగారు సీటుమీద మోకాళ్ళేసి, వెనకద్దంలోంచి తొంగి చూసింది. "ఆ బూడిదరంగు వెనక ఇంకో కారుంది. పైన పిల్లల సైకిలు కట్టుకుని. అందులో ఆవిడ మనల్నే ఒకటే చూపు చూస్తోంది."

మేస్త్రీ అద్దంలో చూశాడు. ముక్కుపొడుం రంగు పాత కారు. పైన ఎర్ర సైకిలు, వెనకద్దం దగ్గర గుడ్డ ఎలుగుబంటి. నడిపే ఆవిడ చేత్తో అల్లిన స్వెట్టరు వేసుకుంది. పక్కన ఒకాయన బిస్కెట్లు తింటున్నాడు.

"పాపం ఎవరో సంసారులు. దారి కోసం చూస్తున్నారు" అని మేస్త్రీ కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, దాటిపొమ్మని ఊపాడు. ఆవిడ దాటలేదు.

"నాకు ఆ కారే అదోలా ఉందయ్యా" అంది అత్తగారు.

"అత్తయ్యగారూ, ఈ విషయం నాకు వదిలెయ్యండి. బజారంతా నన్నడిగి నడుపుతుంది."

అత్తగారు కొప్పు సర్దుకుని ముందుకి తిరిగింది.

ముక్కుపొడుం కారు వెనక లారీలు చేరాయి. లారీల వెనక బస్సులు. హారన్ల మోత పెళ్ళి ఊరేగింపులా ఉంది. టైము చూస్తే మధ్యాహ్నం దగ్గరపడుతోంది. ఇక భరించలేక మేస్త్రీ తెగించాడు. తప్పు చేయనప్పుడు భయమెందుకు, మనమే ఆగి కాగితాలు చూపించేస్తే పీడా పోతుంది అనుకుని, వ్యానుని రోడ్డు అంచుకి తీసి ఆపేశాడు. బూడిదరంగు కారు కూడా అంచుకి తీసి, వెనకే ఆగింది.

"అయిపోయింది" అన్నాడు మేస్త్రీ. కాగితాల సంచీ తీసుకుని దిగాడు.

బూడిదరంగు కారు తలుపులు రెండూ తెరుచుకున్నాయి. నల్ల కోట్లవాళ్ళిద్దరూ దిగారు. ఒకాయన కాస్త పెద్ద, ఒకాయన కాస్త చిన్న. మొహాలు చూస్తే అన్నదమ్ములని తెలిసిపోతోంది. మేస్త్రీ ఎదురెళ్ళి రెండు చేతులా సంచీ చాచాడు.

"సార్, నేను ఏ తప్పూ చేయలేదు సార్."

సరిగ్గా ఆ మాటే అవతలినుంచీ వినబడింది. పెద్దాయన కూడా రెండు చేతులా కాగితాలు చాచి నిలబడ్డాడు. కంగారులో పెద్దాయన చాచింది మేస్త్రీ అందుకున్నాడు. మేస్త్రీ చాచింది పెద్దాయన అందుకున్నాడు. ఎదుటివాడి కాగితాలు చేతిలో పట్టుకుని, విప్పి చూడటానికి ధైర్యం చాలక, ఇద్దరూ అలాగే బొమ్మల్లా నిలబడిపోయారు.

భార్య నడుం పట్టుకుని మెల్లగా దిగొచ్చి, ఇటూ అటూ చూసింది.

"ఏమండీ, ఇంతకీ ఎవరిని ఎవరు తనిఖీ చేస్తున్నారు?"

"మీరు... పోలీసులు కారా?" అన్నాడు పెద్దాయన.

"నేనా? అద్దాలు బిగించుకునేవాణ్ణి. మీరు కారా?"

"మేం కుట్టుమిషన్లు రిపేరు చేసుకునేవాళ్ళం బాబూ! నూనె మరకలు కనబడవని ఈ నల్ల కోట్లు!"

మేస్త్రీకి ముందు ఊపిరొచ్చింది, వెనకే కోపమొచ్చింది. "మరి కారుమీద ఒక్క స్టిక్కరైనా లేదేం?"

"మొన్ననే కొన్నాం. అంటించే తీరికెక్కడిది?"

"ఇద్దరూ అలా కర్ర మింగినట్టు కూచున్నారేం? ఒక్క మాటైనా ఆడుకోరేం?"

పెద్దాయన ఇబ్బందిగా దగ్గాడు. చిన్నాయన అటు తిరిగి చెట్లు చూశాడు.

"మా ఇద్దరికీ మాటల్లేవండీ. పొద్దున్న ఏ దారిన పోవాలని గొడవైంది. వాడు పాత రోడ్డన్నాడు, నేను ఇదన్నాను." పెద్దాయన గొంతు పెంచాడు. "అది సరే, మీ వ్యానుమీద పేరెందుకు లేదు? గోకేసినట్టు కనబడుతోంది. లోపల రెండు అద్దాలెందుకు? పైన ఆ తీగేంటి? ఆవిడగారు తలైనా తిప్పకుండా అలా కూచుంటారేం? ఆ వెనక నల్లగా గుండ్రంగా ఉన్నవి దీపాలు కాకపోతే ఏంటి?"

"అద్దాలెత్తే రబ్బరు కప్పులు."

"మాకేం తెలుసు? దాటితే పట్టుకుంటారని మీ వెనకే పాకుతూ వస్తున్నాం."

మేస్త్రీకి ఏదో అనుమానం తగిలింది. "ఈ గుర్తులన్నీ మీకెవరు చెప్పారు?"

"మా తోడల్లుడు. వాడికి ఎవరో టైర్ల కొట్టాయన చెప్పాడట. ఆ బజార్లో ఒక మహానుభావుడున్నాడట, డేగ అంటారట. ఆయన చూపు పడిందంటే గురి తప్పదట."

ఈ మాట ఇంకెప్పుడైనా విని ఉంటే మేస్త్రీ ఛాతీ పెరిగేదే. ఇప్పుడు భుజాలు కూడా కుంగాయి. భార్య వైపు 'చెప్పకు' అన్నట్టు చూశాడు.

"ఆ డేగ ఈయనే" అంది భార్య.

పెద్దాయన మొహంలో ముందు భక్తి కనబడింది. "మీరా!" అని చేతులు జోడించబోయాడు. సగంలో ఆలోచన వచ్చింది. జోడించబోయిన చేతులు అలాగే కిందికి దిగిపోయాయి.

అంతలో ముక్కుపొడుం కారు వచ్చి వాళ్ళ వెనక ఆగింది. స్వెట్టరావిడ దిగి, కొంగలా నింపాదిగా నడుచుకుంటూ వచ్చింది.

"ఏమైంది? బండి చెడిపోయిందా?"

మేస్త్రీకి పోయిన పరువు కొంచెం వెనక్కి తెచ్చుకునే సందు దొరికింది. పెద్దరికంగా చెయ్యి ఊపాడు. "ఏం లేదమ్మా. మీరు దారిన పడండి. ఇక్కడ ఆగకూడదు, పోలీసులు తిరిగే చోటు. ఇంటిదగ్గర పిల్లలు సైకిలు కోసం ఎదురుచూస్తుంటారు."

"సైకిలు పిల్లలది కాదు. డిపార్ట్‌మెంటుది" అని ఆవిడ స్వెట్టరు జేబులోంచి కార్డు తీసి చూపించింది.

కుట్టుమిషన్ల అన్నదమ్ములు ఒక్కడుగు వెనక్కి వేశారు. మేస్త్రీకి వెయ్యటానికి కాలు రాలేదు.

వ్యాను కిటికీ అద్దం కిందికి దిగింది. అత్తగారి కొప్పు బయటికొచ్చింది.

"అమ్మాయ్! నాకు అప్పుడే అనుమానమొచ్చింది. ఆ సైకిలుకి పెడళ్ళు లేవు. పెడళ్ళు లేని సైకిలుని నెత్తిన కట్టుకుని ఎవరైనా ఊరూరా తిరుగుతారా? చెబుదామంటే మా అల్లుడు వినడే!"

స్వెట్టరావిడ వెనక్కి తిరిగి కారుమీద సైకిలుని పరీక్షగా చూసింది. బిస్కెట్లాయన వైపు ఒక చూపు చూసింది. ఆయన నమలటం ఆపేశాడు.

తర్వాత ఆవిడ జరిగిందంతా అడిగింది. అన్నదమ్ములు ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు చెప్పారు. విన్నకొద్దీ ఆవిడ పెదవులు బిగపట్టుకుంది. ఒకసారి పక్కకి తిరిగి గట్టిగా తుమ్మినట్టు నటించింది గానీ, అది తుమ్ము కాదని అందరికీ తెలుసు. ఆఖరికి మేస్త్రీ వైపు తిరిగి, "అయితే మమ్మల్ని గుర్తుపట్టటంలో మీరు గొప్పవారన్నమాట. ఎలా పడతారు?" అంది.

భార్య మేస్త్రీ చొక్కా లాగింది. కానీ ఇంతసేపు మట్టిలో పడున్న మనిషిని ఎవరో లేపి కుర్చీ వేసినట్టైంది ఆయనకి. స్టిక్కర్ల దగ్గర మొదలుపెట్టాడు. అద్దాలు చెప్పాడు, తీగ చెప్పాడు, నిటారుగా కూచోవటం నటించి చూపించాడు.

"ఇంకా?" అంది ఆవిడ శ్రద్ధగా.

"ఇంకా, మీవాళ్ళు టైర్లకి నల్ల పాలిష్ పెడతారు మేడమ్. మామూలు మనుషులు ఎవరూ పెట్టరు. వెనక గేటులోంచి పొద్దున్నే అన్నీ వరసగా బయటికొస్తాయి, ఎవరైనా లెక్కపెట్టేయొచ్చు."

"చాలా థాంక్స్. మాకు ఎంతో ఉపయోగం" అని ఆవిడ చీటీల పుస్తకం తీసింది.

"అదేంటి మేడమ్! అన్నీ చెప్పానుగా!"

"చెప్పారు కాబట్టే ఒకటే రాస్తున్నాను. ఆగకూడని చోట ఆగటం ఒకటి, రోడ్డంతా అడ్డుపడి పాకటం ఒకటి. న్యాయంగా రెండు రాయాలి."

రెండు రాసినా ఒకటి రాసినా ఆయనకి ఒకటే. ఇది మూడోది. లైసెన్సు అక్కడికక్కడే ఆవిడ చేతికి వెళ్ళిపోయింది. అన్నదమ్ములకీ ఒక చీటీ దక్కింది. అది చేతిలో పడగానే చిన్నాయన పొద్దుట్నుంచీ మొదటిసారి అన్నతో నోరు విప్పాడు. "నేను చెప్పానా పాత రోడ్డున పోదామని?" ఇక అక్కణ్ణుంచి ఇద్దరూ కారెక్కి కనుమరుగయ్యేదాకా గలగలా తిట్టుకుంటూనే ఉన్నారు.

"ఈ వ్యాను ఎవరు నడుపుతారు మరి?" అంది స్వెట్టరావిడ.

"నేను" అంది భార్య.

ఆవిడకి లైసెన్సు ఉన్నమాట నిజమే. పెళ్ళైన కొత్తలో తీసుకుంది. అద్దాల బండి నడపటం అందరికీ చేతకాదని మేస్త్రీ ఎన్నడూ తాళం ఇవ్వలేదు. ఇప్పుడు ఆవిడ సీటు ముందుకి లాక్కుని, నడుం వెనక ఒక దుప్పటి పెట్టుకుని, రోడ్డెక్కింది. మేస్త్రీ పక్క సీట్లో కూచుని లేని బ్రేకుని తొక్కుతూనే ఉన్నాడు. "గుంట... గుంట..." అంటున్నాడు. ఆవిడ గుంట పక్కనుంచి పోనిచ్చింది. కాసేపటికి ఆయనకి ఒక వింత తోచింది. వెనక పలకల చప్పుడు లేదు. ఆయన నడిపితే ప్రతి మలుపులోనూ పళ్ళు కొరికినట్టు చప్పుడయ్యేది.

నాట్యం బడి పంతులమ్మ వాకిట్లోనే నిలబడి ఉంది. ఏడుపొక్కటే తక్కువ. మేస్త్రీ చొక్కా చేతులు మడిచి పనిలో దిగాడు. భార్య కొలత చెబితే ఆయన రంధ్రం పెట్టాడు. ఆయన పలక ఎత్తితే ఆవిడ అంచు సర్దింది. ఆఖరి పలకకి స్క్రూ బిగిసేసరికి పిల్లలు గజ్జెలు కట్టుకుని లోపలికొస్తున్నారు. పంతులమ్మ గోడంతా ఒకసారి చూసి, ఎక్కడా అతుకు కనబడలేదంది. ఆ రోజు మొత్తంమీద మేస్త్రీకి దక్కిన మంచిమాట అదొక్కటే.

తర్వాతి మూణ్నెల్లు బజారుకి గడ్డురోజులు. పోలీసులు అన్నీ మార్చేశారు. టైర్ల కొట్టాయన్ని పట్టుకున్న కారు మీద పరుపు కట్టుంది. లాండ్రీ ఆయన్ని పట్టుకున్న కారులో కోతిబొమ్మ వేలాడుతోంది. "పోలీసు కోతిని పెట్టుకోడన్నావుగా?" అని ఆయన చీటీ పట్టుకుని కొట్టు ముందుకొచ్చి నిలదీశాడు. డేగ అన్న పేరు పోయింది. కొత్తపేరు గుడ్లగూబ, అదీ పగటిపూటది.

లైసెన్సు తిరిగొచ్చిన రోజు పొద్దున్నే మేస్త్రీ తల దువ్వుకుని, వ్యాను దగ్గరికెళ్ళి, తాళం కోసం చెయ్యి చాచాడు.

"ఒక్కమాట" అంది భార్య. "ఈ మూణ్నెల్లలో ఒక్క పలకైనా పగిలిందా?"

మేస్త్రీ ఆలోచించాడు. "లేదు."

"ఎవరైనా జరిమానా వేశారా?"

"లేదు."

"ఇంకేం మరి? ఎక్కండి. పేటలో మెట్లదారికి అద్దాలున్నాయి, ఆలస్యమైతే వాళ్ళు ఊరుకోరు."

ఆయన చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. కోపం తెచ్చుకుందామని చూశాడు గానీ, అది ఎక్కడా దొరకలేదు. చుట్టూ తిరిగొచ్చి అటువైపు తలుపు తీసి కూచున్నాడు. పెద్దరోడ్డు మీద గాలి చల్లగా ఉంది. ఏ కారు వెనకొస్తోందో, ఏది ముందు పోతోందో ఆయన చూడలేదు. ఊరు దాటకముందే ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాడు. భార్య రేడియో గొంతు తగ్గించింది.